శ్రుతి మామయ్య చెవిలో తుమ్మెద

మా పక్కింటాయన హార్మోనియంలు బాగుచేసి శ్రుతి చేస్తాడు. వీధంతా శ్రుతి మామయ్య అనే పిలుస్తుంది. కుక్కర్ కూత కాస్త మారినా ముందుగదిలోంచే, "ఏమే, మూత సరిగ్గా పెట్టలేదు" అని అరిచేవాడు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి వచ్చిన పనల్లా తిప్పి పంపడం మొదలుపెట్టాడు. పాటల సెట్టు పెడితే చాలు, పాట కింద జుమ్మని ఒకటే రొద. కట్టేసినా అది చెవిని వదిలినట్టుండేది కాదు. వాళ్ల నాన్నకు చెవుడు ఇలాంటి రొదతోనే మొదలైంది. చెవి పోతే తిండెక్కడిది? అడిగితే నిజమైపోతుందేమోనని ఎవరినీ అడగలేదు.

అత్తయ్యేమో చెవుల్లో దూది కుక్కుకుని కుట్టుమిషను తొక్కేది. ఏంటత్తయ్యా అని నేనడిగితే, మాడ్చే ఎండలో "చలిగాలే" అనేది.

ఒక సాయంత్రం మామయ్య పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. గోడ ఇవతల బట్టలు తీస్తున్నాను కాబట్టి విన్నాను, కావాలని కాదు.

"ఎక్కడికండీ?"

"ఎవరికైనా ఇచ్చేసొస్తా. నా చెవి పోయిందే. పాట పెడితే జుమ్మని మోత."

"అయ్యో, అది మీక్కూడా వినిపిస్తోందా? మిషను తొక్కీ తొక్కీ నా చెవులే చెడ్డాయనుకున్నా! చెబితే మిషను మానేయమంటారని..."

"అందుకా ఆ దూది?"

"మరి? కమ్మలు దాచుకోవడానికా?"

ఇక ఆగలేక నేనూ వెళ్లాను. పాట పెట్టి చూస్తే నాకూ వినిపించింది. మామయ్య సెట్టు తట్టాడు, దుమ్ము ఊదాడు, స్పీకర్లు అటూ ఇటూ మార్చాడు. రొద పోలేదు. వెనక్కి చెయ్యి పెడితే మెత్తగా ఏదో తగిలింది.

"తీగలకు ఈ గౌనెవరు తొడిగారే?"

"నేనే. దుమ్ము పడుతోందని, మొన్న ఇల్లు దులిపినప్పుడు కుట్టా. కుచ్చులు బావున్నాయి కదూ?"

కరెంటు తీగ, పాట వచ్చే తీగ రెండూ ఆ గుడ్డ గొట్టంలో ఒకదాన్నొకటి అంటుకుని ఉన్నాయి. అత్తయ్య కుట్లు విప్పింది. తీగలు ఎడమయ్యేకొద్దీ రొద సన్నబడి, ఆగిపోయింది.

మామయ్య మాత్రం నవ్వలేదు. సెట్టు కట్టేసి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చెవిలో ఇంకా ఉంటే? మేమూ ఊపిరి బిగబట్టాం. చాలాసేపటికి సంచి కింద పెట్టాడు.

ఇప్పటికీ ఏ చిన్న చప్పుడైనా ముందు, "ఏమే, విన్నావా?" అంటాడు. "ఆ, విన్నాలెండి" అని ఆవిడ అనేదాకా ఆయన చెయ్యి హార్మోనియం మీద కదలదు.