నడిమి మొగ్గ

మాఘమాసపు చలి ఇంకా వదలని ఈ ఉదయం, మదనపల్లెలో మా ఇంటి మెట్ల మీద కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే, నేను పెంచిన కుండీల్లో పసుపు చామంతులు ఒక్కపెట్టున విచ్చుకుని కనిపించాయి. మనవరాలు వచ్చి ఫోనులో ఫోటో తీసుకుని, ఇంత పెద్ద పూలు రావడానికి ఏం మందు కొట్టావని అడిగింది. మందట మందు! ఈ కాలం పిల్లలకు ఏది బాగా పెరిగినా మందే గుర్తొస్తుంది. పక్క మొగ్గలన్నీ గిల్లేసి నడిమి మొగ్గ ఒక్కదాన్ని నిలబెడితే వచ్చే పువ్వమ్మా ఇది, ఈ విద్య మా అమ్మది, అని చెప్పాను కానీ, ఆ విద్య నాకు ఒంటబట్టక ముందు ఒకసారి నా చేతులతోనే మా కొంప ముంచబోయానని మాత్రం చెప్పలేదు. మీతో చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, మీరూ నా వయసు వాళ్లే కదా.

అప్పట్లో మేము పుంగనూరులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రి కాంపౌండులో ఉండేవాళ్లం. మా నాయన అక్కడ తోటమాలి. యుద్ధం నడుస్తున్న రోజులు, కిరసనాయిలుకి కూడా కరువే. నాయన జ్వరంతో పోయిన ఏడు నాకు పదేళ్లు. ఆయన పోయాక తోట వాడిపోతుందేమోనని అమ్మ ఎవరూ చెప్పకుండానే నీళ్లు పోయడం మొదలుపెట్టింది. కాంపౌండు వ్యవహారాలు చూసే పెద్దయ్యకు అది నచ్చలేదు. తోటమాలి అంటే మగవాడే అని ఆయన లెక్క. చివరికి దొరసాని, అంటే మా డాక్టరమ్మ, మధ్యే మార్గం చెప్పింది. మాఘంలో మదనపల్లెలో జరిగే పూల పందెం దాకా అమ్మ చేయొచ్చు, అక్కడ మా కుండీలు ఎలా నిలబడతాయో చూసి తేల్చుదామంది. అక్కడ నిలబడకపోతే పని పోతుంది, పనితోపాటు మేముండే గదీ పోతుంది. ఆ గది తప్ప మాకు వేరే నీడ లేదు.

అమ్మ పందేనికని పెట్టిన ఎనిమిది చామంతి కుండీలను పసిపిల్లల్ని సాకినట్టు సాకింది. ఆకు మీద చుక్క పడకుండా, టెంకాయ చిప్పతో మొక్క మొదలు దగ్గరే నీళ్లు పోసేది. ఇన్ని పూలు పెంచినా తలలో ఒక్కటి పెట్టుకున్నది లేదు. మా కాంపౌండులో క్రైస్తవ ఆడవాళ్లు పూలు పెట్టుకునేవాళ్లు కాదు, పూలంటే చర్చిలో బల్ల మీదికి, ఆసుపత్రిలో మంచాల పక్కకి. మొగ్గలు పట్టే వేళకు కుప్పంలో పిన్నికి పురుడొచ్చింది. అమ్మ వెళ్లక తప్పలేదు. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పి వెళ్లింది, కొమ్మకు నడిమి మొగ్గ ఉంచి పక్కవన్నీ గిల్లెయ్యమని.

నాకు తోడుగా తంబళ్లపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చిన మా అవ్వ, నాయన తల్లి, నా నోట ఆ మాట విని నోరు నొక్కుకుంది. మెట్టపొలంలో చిక్కుడు లాంటి అనపచెట్లు, బంతిచెట్లు పెంచిన చెయ్యి ఆమెది. "కొస గిల్లితే గుబురు కడతాది మ్మే! పక్క మొగ్గలు గిల్లేదేంది, పిచ్చి గాని!" అంది. నిజం చెప్పాలంటే అవ్వ మీద నెపం పెట్టలేను. ఒక్క పువ్వు కోసం అన్ని మొగ్గలు చంపడానికి నాకే చేయి రాలేదు. అవ్వ మాట దొరకగానే ఎగిరి గంతేశాను. ఎనిమిది కుండీల్లో కొసన ఉన్న ప్రతి నడిమి మొగ్గనూ నా గోళ్లతోనే గిల్లి పారేశాను.

అమ్మ తిరిగొచ్చి మూట కూడా దించకుండా తోటలోకి వెళ్లింది. చూసింది. అలాగే గట్టు మీద కూలబడింది.

"యాల అట్ల సూస్తాండావు? గుబురు కట్టలేదా?" అంది అవ్వ.

"అది అనపకాయకు అత్తా, దీనికి కాదు," అంది అమ్మ. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి లేచి కొంగు బిగించి, "సరే పో, ఉండే మొగ్గల్నన్నా కాపాడుకుందాం," అంది.

పందెం రోజు తెల్లవారుజామునే కుండీలు ఎద్దుల బండికెక్కించి మదనపల్లెకు తీసుకెళ్లాం. బల్లల మీద మిగతా వాళ్ల కుండీల్లో పళ్లెమంత పూలు, కొమ్మకొకటి, రాజుల్లాగా నిలబడ్డాయి. మావి చిన్న చిన్న పూలు, గుత్తులు గుత్తులుగా. పెద్దయ్య అమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, కొత్త రకమని చెప్పమ్మా, ఎవరికి తెలుస్తాది అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మా గది పోకూడదనే ఆ మాట చెప్పాడు. దొరసాని వచ్చి, ఇది కొత్త రకమా అని అడగనే అడిగింది.

"కాదమ్మా, ఆ రకమే. నడిమి మొగ్గ గిల్లేసినాను. నా చెయ్యే," అంది అమ్మ.

నేను బండి చక్రం పక్కన నిలబడి అంతా విన్నాను. గోళ్లు కనబడకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

దొరసాని వంగి, కుండీ తిప్పి తిప్పి పూలను కాదు, ఆకుల్ని చూసింది. మట్టిని తాకే ఆకు దాకా పచ్చగా ఉంది, ఒక్క మచ్చ లేదు. తర్వాత బహుమతి రావాల్సిన పెద్ద పూల కుండీ దగ్గరికెళ్లి దాని కింద ఆకులు ఎత్తి చూపించింది. సగం పండిపోయి రాలడానికి సిద్ధంగా ఉన్నాయి. బహుమతి వాళ్లకే ఇచ్చారు, అది న్యాయమే. కానీ దొరసాని పెద్దయ్యతో తన పుస్తకాల తెలుగులో చెప్పింది, పువ్వును ఎవరైనా పూయించగలరు, కింది ఆకును నిలబెట్టే తోటమాలి మనకు మళ్లీ దొరకదు అని. బండిలో తిరిగొస్తుంటే అమ్మ పుంగనూరు దాకా పాటలు పాడింది. అంతవరకు మా అమ్మకు పాడటం వచ్చని నాకు తెలియదు.

జుట్టు నెరిసేదాకా అమ్మ ఆ తోటలోనే పని చేసింది. జనం ఆమెను తోటమ్మ అని పిలిచారు. సదుం నుంచి, కుప్పం నుంచి వచ్చిన మగవాళ్లు ఆమె దగ్గర పని నేర్చుకుని వెళ్లారు. వాళ్లలో ఒకడు ముసలివాడయ్యాక కూడా నన్ను బజారులో చూస్తే చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు, నాకు కాదు, మా అమ్మకు. ఎంత గర్వమో నాకు, ఇప్పటికీ!

ఇప్పుడు ఆ తోట లేదు. అక్కడ స్కూటర్లు నిలుపుతున్నారు. పూలు కిలోల లెక్కన లారీల్లో వస్తాయి, ఏ చేతులు పెంచాయో అడిగేవాళ్లు లేరు. ఆ రోజు గిల్లింది అమ్మ చెయ్యి కాదు, నా చెయ్యేనని చెప్పాలనే మాట ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. వినడానికి పెద్దయ్యా లేడు, కాదనడానికి అమ్మా లేదు.