మంగళవారానికి ఇంకో పేరు

దెయ్యాల మాటెత్తితే పగలబడి నవ్వేదాన్ని నేను. నర్సుని. విజయవాడలో పనిచేసిన రోజుల్లో మార్చురీ దాకా ఒక్కదాన్నే వెళ్లొచ్చి, చేతులు కడుక్కుని ఇడ్లీ తిన్న మనిషిని. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడం లేదు. నాకు జరిగింది చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

జర్మన్ నేర్చుకుని ఆస్ట్రియాలో ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి వెళ్లాను. ఊరి పేరెందుకులెండి. ఆల్ప్స్ కొండల మధ్య ఇరుకు లోయ, కొండ దాటితే ఇటలీ. ఒక చర్చి, ఒక పంచాయతీ ఆఫీసు, ఒక బేకరీ. చలికాలం సాయంత్రమైతే వీధిలో పిట్ట కూడా ఉండదు. నేనేమో విజయవాడ వన్ టౌన్‌లో పుట్టినదాన్ని. ఆటోల మోత, తోపుడుబళ్ల వాళ్ల అరుపులు లేకపోతే నిద్ర పట్టని రకం.

అసలు బాధ అది కాదు. నేను నేర్చుకున్న జర్మన్ వేరు, ఆ లోయలో వాళ్ల యాస వేరు. మొదటి రోజు హెడ్ నర్సు నన్ను గదిగదికీ తిప్పి ఒక్కొక్కరి గురించీ గబగబా చెప్పుకుపోయింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ సంగతి తెలిస్తే వెనక్కి పంపేస్తారని భయం. అన్నిటికీ తలూపాను.

చివరి గదిలో ఒక మామ్మగారు ఉండేవారు, తొంభై దాటినావిడ. పొద్దున్నే ఆవిడ తల దువ్వుతూ ఊరికే తెలుగులో వాగేదాన్ని. "ఇదేం ఊరండీ బాబూ, మనిషి అలికిడే లేదు! ఇన్నేళ్లూ ఎలా ఉన్నారండీ ఇక్కడ?" అని. ఒకరోజు ఆవిడ బదులిచ్చింది. జర్మన్‌లోనే, చాలా నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు. నాకు అంతా అర్థమైంది. ఏడుపొచ్చేసింది, నిజంగా.

ఆ చలికాలమంతా ఆవిడే నాకు దిక్కు. ఆవుల్ని కొండ మీదికి తోలుకెళ్లడం, చిన్నప్పుడు కొండ అవతలి చుట్టాలింటికి నడిచి వెళ్లడం, వాళ్ల యాసలో వారాల పేర్లు, అన్నీ చెప్పేది. గది బయట నేను మూగదాన్ని. ఆవిడే లేకపోతే పెట్టె సర్దుకుని వచ్చేసేదాన్ని.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, నా సెలవు మంగళవారమని చెప్పబోయి "ఎర్ష్‌టాగ్" అన్నాను. పుస్తకాల్లో అయితే "డీన్‌స్టాగ్" అనాలి. హెడ్ నర్సు పకపకా నవ్వింది.

"మా అమ్మమ్మ పోయాక ఈ మాట వినలేదు. నీకెవరు నేర్పారు?"

"చివరి గది మామ్మగారు" అన్నాను గర్వంగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఈసారి యాస లేకుండా విడమరిచి చెప్పింది. పక్షవాతం వచ్చి ఆవిడకి మాట పడిపోయి ఏళ్లయిందట. తన పేరు కూడా పలకలేదట. ఇదంతా నాకు మొదటి రోజే చెప్పానంది. నేను తలూపానట కూడా.

పరుగున ఆ గదికి వెళ్లాను. "మామ్మగారూ, ఒక్క మాటండీ, ఒక్క మాట మాట్లాడండీ" అని తెలుగులోనే బతిమాలాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది, అంతే. ఆ తర్వాత కూడా రోజూ తల దువ్వాను, రోజూ కబుర్లు చెప్పాను. ఇంక ఆవిడ నోటి వెంట మాట రాలేదు. మంచు కరిగే రోజుల్లో పోయింది.

డాక్టర్‌ని అడిగాను. మెదడులో మాటకి సంబంధించిన భాగమే దెబ్బతింది, ఆవిడ మాట్లాడే అవకాశమే లేదన్నాడు. అలాంటి కేసులు నేనూ చూశాను. కాదనలేకపోయాను.

ఇప్పుడు విజయవాడ వచ్చేశాను. మా అమ్మేమో, "ఒంటరిగా ఉండీ ఉండీ భ్రమపడ్డావే పిచ్చిదానా" అంటుంది. సరే, భ్రమే అనుకుందాం. మరి నాకు తెలియని మాట నా భ్రమకెలా తెలిసింది? ఎంత ఆలోచించినా తెగడం లేదు. భయం మాత్రం ఏనాడూ వేయలేదు. ఆ మధ్యాహ్నం నేను నోరు మూసుకుని ఉంటే, ఇంకొన్నాళ్లు నాతో మాట్లాడేదేమో.