పుస్తెకు పట్టని టంకం

మోండా మార్కెట్ వెనక సందులో కంసాలి బ్రహ్మచారి కుంపటి ముందు కూర్చుని, నోట్లో ఊదుగొట్టం పెట్టి, దీపం మంటను బంగారం మీదికి వంచేవాడు. ముక్కుతో గాలి పీలుస్తూనే బుగ్గలతో ఊదేవాడు. మంట తెగేది కాదు. గ్యాసు మంటలొచ్చి ఏళ్లయినా పుస్తెలకు మాత్రం నోటితోనే ఊదాలని ఆయన పట్టు. మెట్టుగూడ నుంచి వచ్చే బాలమ్మ మెడలో ఉన్న పుస్తెలు ఆయన తండ్రి చేసినవే.

పోయిన వానాకాలం నుంచి ఆ బుగ్గలు మొరాయించాయి. పొద్దున బాగానే ఉండేది. కాసేపు ఊదేసరికి పెదాల సందుల్లోంచి గాలి జారిపోయేది, రెప్పలు వాలిపోయేవి, మాట ముద్దగా వచ్చేది. పాపం, ఊదుగొట్టం పూడిందేమోనని తీగ పెట్టి కెలికాడు. సందులోవాళ్లు మాత్రం తాగుడు మొదలెట్టాడని తేల్చేశారు. అంతకన్నా దూరం ఆలోచించే ఓపిక లోకానికి ఎక్కడిది!

ఆసుపత్రిలో డాక్టర్ గ్లోరియా ఓపిగ్గా చెప్పింది. నరం ఒక్క కబురుకు కదలదు. నలువైపుల నుంచీ చిన్న చిన్న కబుర్లు వస్తాయి. కొన్ని కదలమంటాయి, కొన్ని వద్దంటాయి. అన్నీ కూడి ఒక హద్దు దాటితేనే అది కండకు ఆజ్ఞ పంపుతుంది. నరానికీ కండకూ మధ్య కంటికి కనిపించని ఖాళీ ఉంది. నరం అక్కడ ఒక రసాయనం చిమ్ముతుంది, కండ దాన్ని అందుకుని బిగుస్తుంది. బ్రహ్మచారి కండలో దాన్ని అందుకునే చోట్లను ఆయన ఒళ్లే పాడుచేస్తోంది. కండను వాడేకొద్దీ రసాయనం పలచబడి, ఆజ్ఞ గడప దాకా వచ్చి అక్కడే చచ్చిపోతోంది. మాత్ర వేసుకుంటే రసాయనం ఇంకాస్తసేపు నిలుస్తుంది. అందుకే వేళ తప్పొద్దని గట్టిగా చెప్పి పంపింది.

ఆయనకు బాగానే అర్థమైంది. అతుకు వేసే టంకమూ అంతే గదా. ఒక్క ఊదుకు కరగదు. వేడి మీద వేడి పడితే ఉన్నట్టుండి పారుతుంది. మధ్యలో ఊపిరి తెగితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

బాలమ్మ కూతురు సుకన్యకు పెళ్లి కుదిరింది. ఆయన తాగుతున్నాడని ఎవరెన్ని చెప్పినా వినకుండా బాలమ్మ బంగారం తెచ్చి, మంచి ఘడియ చూసుకుని ఆయన ఎదురుగా పీట వేసుకుంది. ఈ ఒక్క జత చేసిస్తే సందు నోరు మూతపడుతుంది, తాను ఇంకా కంసాలినే అనిపించుకుంటాడు. బ్రహ్మచారికి ఇక మిగిలిన ఆశ అదొక్కటే.

ఆ పొద్దున భార్య జగదాంబ మాత్ర చేతిలో పెడితే ఆయన జేబులో వేసుకున్నాడు. పుస్తె పూర్తయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని వాళ్లింట్లో తాతల నాటి నియమం.

"పుస్తె అయినంక ఏస్కుంట," అన్నాడు. జగదాంబ తల కొట్టుకుని కూరగాయలకు పోయింది.

రేకు కొట్టడం, అంచు తీర్చడం బాగానే సాగాయి. తాడు దూర్చే చిన్న రింగు అతకడమే మిగిలింది. ఊదాడు. బంగారం ఎర్రబడి, టంకం మెరవబోతుండగా పెదాలు వదిలేశాయి. మళ్లీ ఊదాడు. ఈసారి గాలి ఇంకా తక్కువ. ఆ తర్వాత మంట వంగనే లేదు. ఊదుగొట్టం జారిపోయి, చొంగ కారి, పుస్తె మీద ఎంగిలి పడింది. ఆయనకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

బాలమ్మకు సంగతి చెప్పబోయాడు. నాలుక మడతపడి ఏదో ముద్దముద్దగా వచ్చింది. రెప్పలు సగం మూతపడ్డాయి. ఆమె పీట మీంచి లేచింది.

"నా బిడ్డ పుస్తెలకు సుత తాగి కూసున్నవా, అన్నా?"

గొంతు పెంచలేదు. బంగారం కొంగుతో తుడిచి, మూట కట్టుకుని ఆటో ఎక్కింది.

జగదాంబ వచ్చి చూసి, ఆయన జేబులోని మాత్ర తీసి మింగించింది. కుంపటి చల్లారే వేళకు పెదాలు బిగిశాయి, నాలుక తిరిగింది.

"నేను తాగలే, చెల్లె. మంచినీళ్లు సుత ముట్టలే," అన్నాడు బ్రహ్మచారి, ఒక్క అక్షరం తడబడకుండా, ఖాళీ పీటతో.