ఐదో స్థలం దగ్గర అడగకూడదు

మా ఇంట్లో సిలువ మోసేవాళ్లు "నాకు చేతకావడం లేదు, ఎవరైనా అందుకోండి" అనకూడదు. ఈ నియమం తన తండ్రి, మా తాత, పెట్టాడని బాపు అంటాడు. ఏటా ఈస్టరుకు ముందు తపస్సు కాలంలో ఒక శుక్రవారం మా కుటుంబమంతా కలిసి, మంచిర్యాల దాటాక అడవి అంచున ఉన్న మాత గుట్ట ఎక్కుతాం. యేసు సిలువ మోసిన దారిని తలుచుకోవడానికి కింది నుంచి గుడి దాకా పద్నాలుగు స్థలాలు కట్టారు. ఒక్కో చోట సున్నం కొట్టిన దిమ్మె, దాని మీద అంకె. అక్కడ మోకరించి, ప్రార్థన చదివి, లేచి మళ్లీ ఎక్కాలి. తాత చేయించిన టేకు సిలువను మాలో ఒకరు భుజాన వేసుకుంటారు. ఐదో స్థలం అంటే పొలం నుంచి వస్తున్న ఒక మనిషి యేసు సిలువను అందుకున్న చోటు. అక్కడికి రాగానే మాలో ఎవరో ఒకరు తమంతట తామే వచ్చి సిలువ తీసుకోవాలి. అడిగి ఇప్పించుకుంటే పుణ్యం పోతుందట. ఎవరూ రాకపోతే మోస్తూనే ఉండాలి.

పోయినేడు ఆ సిలువ నా భుజం మీద ఉంది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు పుణ్యం మీద ధ్యాసే లేదు. నాకు కావలసింది కొన్నాళ్లు కంటినిండా నిద్ర. మమ్మల్ని కన్న అవ్వ పోయినప్పటి నుంచి ఆరేళ్లుగా బాపు కరీంనగర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు. షుగర్ ముదిరి కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. పొద్దున ఆఫీసుకు పోయే ముందు పుండు కడిగి కట్టు కట్టాలి, సూది వెయ్యాలి, ఆయన తినేది వేరుగా వండాలి. సాయంత్రం మళ్లీ సూది. ఒకరోజు ఆఫీసులో ఫైలు మీద తల పెట్టి నిద్రపోయి, అందరి ముందు మాట పడ్డాను. యాభై మూడేళ్ల మనిషికి అది చిన్న సంగతి కాదు.

తమ్ముడు హుజూరాబాద్‌లో టైల్స్ దుకాణం నడుపుతాడు. బస్సెక్కితే గంట దూరం. పండుగకు ద్రాక్షపండ్లు పట్టుకొచ్చి, బాపు పక్కన కాసేపు కూర్చుని, "అక్క ఉన్నది గదా, నాకు ఫికర్ లేదు" అని వెళ్లిపోతాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకే నయం, ఎప్పుడో పోట్లాడేదాన్ని. ఈ ఎండాకాలమైనా బాపును వాడు తీసుకుపోవాలి. ఆ మాట అడగడానికి మాత్రం నా నోరు పెగిలేది కాదు. ఐదో స్థలం దగ్గరి నియమం గుట్ట దిగి ఎప్పుడు మా ఇంట్లో దూరిందో గానీ, మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

అందుకని ఒక ఉపాయం వేసుకున్నాను. మా ఆయనను సిలువ జోలికి రావొద్దని ముందే చెప్పాను. ఐదో స్థలం దగ్గర వాడు వచ్చి సిలువ అందుకుంటే, అదే ఊపులో బాపు మాట ఎత్తాలి. అదీ పదో స్థలం లోపే. ఎందుకంటే కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మీదుగా బాపును ఆటోలో పదో స్థలం దాకా తీసుకెళ్లి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తనను ఎవరు ఉంచుకోవాలన్న మాట ఆయన చెవిన పడితే నేను బతికుండీ ఏం లాభం అనుకున్నాను.

కింద ఎనిమిది గంటలకు మొదలుపెట్టాం. ఉపవాసం, చెప్పుల్లేని కాళ్లు. రెండో స్థలానికే రాళ్లు కాలడం మొదలైంది. దారంతా ఇప్పపూల వాసన. నా వెనక మా ఆయన నీళ్ల క్యాను మోస్తూ వస్తున్నాడు. ఆయనది వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం, పెళ్లప్పుడు బాప్తిస్మం తీసుకున్నాడు. ముప్పై ఏళ్లయినా మా ఇంటి నియమాలు ఆయనకు వింతే.

"మొహం సూడు ఎట్లయిందో. తమ్మున్ని అడగరాదు?" అన్నాడు.

"అడగొద్దు. జర ఊకుండు" అన్నాను.

ఐదో స్థలం వచ్చింది. మోకరించాం. ప్రార్థన అయ్యింది. నేను లేవకుండా కావాలనే ఆలస్యం చేశాను. తమ్ముడు ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, జర ఇటు తిరుగు. మొహం పడ్తలేదు" అన్నాడు.

తిరిగాను కూడా. ఇంకేం చేస్తాను? మరదలు తల వంచుకుని జపమాల తిప్పుతోంది. ఎవరూ రాలేదు. సిలువ ఎత్తుకుని నడిచాను.

ఆరు, ఏడు, ఎనిమిది. భుజం తిమ్మిరెక్కింది. ఎనిమిదో స్థలం దగ్గర యేసును చూసి స్త్రీలు ఏడుస్తారు. నాకు ఏడుపు రాలేదు, తమ్ముడి మీద తిట్లు వచ్చాయి. ప్రార్థన పుస్తకం పట్టుకుని వాణ్ని తిట్టుకుంటున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మా ఆయన మళ్లీ పక్కకు వచ్చాడు.

"నాకొక్కటి సమజైతలేదు. ఆ పొలం కాడికెళ్లి వచ్చినాయన తనంతట తాను రాలే గదా? సిపాయిలే పట్టుకొచ్చి మోపిచ్చిండ్రు. పుస్తకంల గట్లనే ఉన్నది."

చిన్నప్పటి నుంచి వింటున్న కథే. బలవంతంగానే మోయించారు. అదొక్కటీ మా తాతకు ఎందుకు తట్టలేదో, నాకు ఎందుకు తట్టలేదో.

తొమ్మిదో స్థలం యేసు మూడోసారి పడిన చోటు. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు, నేను లేవలేదు. సిలువను దిమ్మెకు ఆనించి కింద కూర్చున్నాను.

"తమ్మీ, ఇగ నాతోని కాదు. ఇది పట్టుకో" అన్నాను. అందరూ ఆగిపోయారు. మరదలు జపమాల ఆపింది. ఎలాగూ నియమం తప్పాను కదా అని మిగతాది కూడా చెప్పేశాను. "బాపును గుడ తోల్కపో. ఈ ఎండాకాలం అన్న నీ తాన ఉంచుకో. నాకు నిద్ర లేదు తమ్మీ. ఒక్కోసారి బాపు పిలుస్తే కోపమొస్తున్నది. గట్ల కోపమొచ్చుడు నాకు మంచిగనిపిస్తలేదు."

వాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు బాపును ఎవలకియ్యవనుకున్న అక్కా. ఓసారి తోల్కపోత అంటే, నీకు మందులు తెల్వయన్నవ్" అన్నాడు.

అన్నాను. నాలుగేళ్ల కింద, ఏదో చిరాకులో. ఆ మాట పట్టుకుని వాడు మళ్లీ అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంటి పిల్లలం మరి.

"మందుల చీటీ రాసియ్యి. ఆదివారం పూజ కాంగనే వచ్చి తోల్కపోత" అని సిలువ ఎత్తి భుజాన వేసుకున్నాడు. అంత సులువుగా అయిపోయినందుకు నాకు సంతోషం కలగలేదు. పోయిన ఏళ్లన్నీ తలుచుకుని ఒళ్లు మండింది.

మలుపు తిరిగేసరికి కుర్చీలో బాపు. తొమ్మిదో స్థలానికీ పదో స్థలానికీ మధ్య అడ్డంగా ఒక బండ తప్ప ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. నేను మాట్లాడిన ప్రతి మాటా ఆయన విన్నాడు. మిగతావాళ్లు ప్రార్థన ముగించి పదకొండో స్థలానికి కదిలారు. నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"కోపమొచ్చిందా బాపు?"

"ఎందుకొస్తది?" అన్నాడు. కట్టు కట్టిన పాదం వైపు చూశాడు. "మీ అవ్వ కడుపునొస్తున్నదని ఒక్కనాడన్న నాతోని అనలే. తెలిసేటాలకు అంత అయిపాయె. దవఖానకు తోల్కపో అని అడిగితే నేను తోల్కపోకపోదునా బిడ్డా?"

ఆరేళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వడిగినవ్. నువ్వు బతుకుతవ్."

నేను ఆ రోజు పై దాకా ఎక్కలేదు.