సొన్నమ్మ మణికట్టు

ముందు గాజుల చప్పుడు వినిపించేది. మారతహళ్ళిలో మా లేఅవుట్ సంఘం హాలుకి, వాన పడాలో వద్దో తేల్చుకోలేని సాయంత్రాల్లో, డజను మట్టిగాజులు ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేవి. వాటి వెనక ఆయాసం, ఆ వెనక నూలు చీర, చివరికి సొన్నమ్మ. టేబుల్ టెన్నిస్ ఆడుతున్నవాళ్ళం అందరం బ్యాట్లు దించేసేవాళ్ళం.

అరవై ఎనిమిదేళ్ళ సొన్నమ్మ నోరు ఏనాడూ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆడాల్సినవన్నీ ఆమె మణికట్టు ఆడేది, అదీ బ్యాక్‌హ్యాండ్‌లో మాత్రమే.

నోటి సంగతి ఊరందరికీ తెలుసు. సంఘం అధ్యక్షుడు అంజినప్ప మీసానికి కొత్తగా రంగేసుకొచ్చి, “ఎట్లుండాను సొన్నమ్మా?” అని అడిగాడొకసారి.

“రంగు చెవి దాకా పాకి ఉండాదప్పా.”

నా పీజీ రూమ్మేట్ ఫయాజ్, కడప కుర్రాడు, సంబంధం చూడటానికి వెళ్తూ చొక్కా చూపించాడు. “ఓకేనా అవ్వా?”

“చొక్కా బాగుండాది. నువ్వే ఇంకొంచెం బాగుండాల.”

మణికట్టు కథ వేరు. ఆమె ఒక టెలిఫోన్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు తీగ చుట్టింది, మధ్యాహ్నాలు అక్కడి క్లబ్బులో ఈ ఆట నేర్చింది. బంతిని బ్యాటుతో అడుగు నుంచి కోసేది. కోసిన మరుక్షణం చెయ్యి పైకి విసిరేది, పావురాన్ని వదిలినట్టు. ఆ పావురాన్ని చూసి, బంతి పైకి తిరుగుతూ వస్తోందనుకుని నేను బ్యాటు వంచి అడ్డుపెట్టేవాణ్ణి. బంతి నెట్టులో పడి చచ్చేది. మరుసటిసారి తెలివిగా కింది నుంచి ఎత్తితే, అది ఏ తిరుగుడూ లేని ఒట్టి బంతి అయ్యేది. ఎగిరిపోయి కిటికీ ఊచలకు తగిలేది.

“చెయ్యి చూడొద్దప్పా స్టాన్లీ. బ్యాటు తాకినాక చెయ్యి చేసేదంతా నాటకం. బంతి చూడు. దాని మీద మూడు నక్షత్రాలు అచ్చేసి ఉంటాయి. చెదిరిపోతే తిరుగుతా ఉండాది. తేటగా కనిపిస్తే ఒట్టి బంతి.”

నాకు రెండేళ్ళలో ఒక్క నక్షత్రమూ కనిపించలేదు. ఆ ఊళ్ళో నాకు కనిపించనివి ఇంకా చాలా ఉండేవి. మా మేనేజరు భుజం తట్టి, “యూ ఆర్ ఫ్యామిలీ, స్టాన్లీ” అన్న వారానికే నా కాంట్రాక్టు అయిపోయింది. ఆయన చెయ్యి పైకి లేవడమే చూశాను, అడుగున కోసింది చూడలేదు. కొత్త ఉద్యోగం దొరకలేదు. గదిలో నా మంచం చుట్టూ సాయంత్రాలు నీళ్ళలా నిలిచిపోయేవి. ఇక మా ఊరికి వెళ్ళిపోదామని శనివారం పొద్దున బాపట్ల బస్సుకి టికెట్ తీసుకున్నాను. వెళ్ళేలోగా నాకు కావలసింది ఒక్కటే, సొన్నమ్మ మీద ఒక్క పాయింటు. ప్రతిసారీ పదకొండు–సున్నా. అదృష్టం కూడా ఏనాడూ నా తరఫున నెట్టుకు తగిలి అవతల పడలేదు.

పది–సున్నా దగ్గర ఎదుటివాడికి ఒక పాయింటు వదిలేయడం ఈ ఆటలో మర్యాద. సొన్నమ్మ నాకెప్పుడూ వదల్లేదు. ఓడగానే, మిగతావాళ్ళ ఆట చూడకుండా వెళ్ళిపోయేవాణ్ణి కదా, అందరితోనూ అంతేననుకుని ఊరడిల్లేవాణ్ణి.

శుక్రవారం బట్టలు సర్దుతుంటే ఫయాజ్ నవ్వాడు. “బ్రో, నీతో తప్ప ఎవరితోనూ ఆ డేంజర్ బ్యాక్‌హ్యాండ్ ఆడదు. మాతో అంతా సింపుల్. పది–సున్నా అయితే సర్వీస్ నెట్టులో కొట్టి ఒకటి ఇచ్చేస్తుంది.”

“అందరికీనా?”

“అంజినప్పకి రెండు ఇస్తుంది.”

సగం సర్దిన సూట్‌కేసు అలాగే వదిలి హాలుకి పరుగెత్తాను. ఎదురుగా నిలబడి అడిగేశాను. “నేనేం పాపం చేశానమ్మా? ఊరందరికీ ఇచ్చే పాయింటు నాకెందుకివ్వవు?”

సొన్నమ్మ బంతిని చీర చెంగుతో తుడుస్తూ తాపీగా చెప్పింది. “వాళ్ళు సుమ్మనే పొద్దుపోవడానికి వస్తారు. ఒకటి ఇస్తే సంతోషంగా ఇంటికి పోతారు. నీకు ఇల్లు యాడుండాది, పీజీ ఉండాది. మొహం చూస్తేనే బేజారు. నీకు ముష్టి ఏస్తే ఆ రూములో దాన్నే తలుచుకుంటా పడుకుంటావు. ఓడగొడితే కోపమొచ్చి, రేపు మళ్ళా వస్తావు.”

రెండేళ్ళుగా నేను ప్రతి సాయంత్రం మంచం దిగింది ఆ కోపంతోనే. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది.

“ఇంక రేపు లేదమ్మా. పొద్దున్నే బస్సు.”

ఆమె గాజులు మోచేతి వైపు తోసుకుంది. తర్వాత బ్యాటు ఎత్తింది. “అయితే ఈ పొద్దే నేర్చుకో.”

ఏం నేర్చుకున్నాను! ఒకటి–సున్నా. నాలుగు–సున్నా. బంతి నెట్టుకి, కిటికీకి, ఒకసారి అంజినప్ప పొట్టకి. “అది కూడా టేబులేనప్పా, కొట్టు కొట్టు!” అని ఆయన అక్కడున్నవాళ్ళని నవ్వించాడు. తొమ్మిది–సున్నా. పది–సున్నా.

సర్వీస్ నాది. వేశాను. సొన్నమ్మ బ్యాటు బంతి అడుగుకి దిగింది, చెయ్యి గోతిలోంచి మట్టి తోడినట్టు లాగింది. కోత బంతి, ఎత్తి కొట్టాలి, అంది నా చెయ్యి. నేను చేతిని వినలేదు. ఈకలా నెమ్మదిగా వస్తున్న తెల్లటి బంతి మీద, మధ్యాహ్నపు చందమామ మీద ఎవరో రాసినట్టు, మూడు నక్షత్రాలు. తేటగా. ఒట్టి బంతి! నేరుగా కొట్టాను. అది ఆమె కుడి మూలన తాకి, కుర్చీల కిందికి దొర్లిపోయింది.

పది–ఒకటి. ఫయాజ్ ఈల వేశాడు. మరు బంతికే ఆమె నన్ను పదకొండు–ఒకటితో మట్టి కరిపించింది.

వెళ్ళేముందు కాళ్ళకి దండం పెట్టి, లేస్తూ మెల్లగా అడిగాను. “నిజం చెప్పమ్మా. ఆ పాయింటు నువ్వు ఇచ్చిందా, నేను కొట్టిందా?”

సొన్నమ్మ నా వైపు చూడకుండా, కుర్చీల కింద బంతి కోసం వెతుకుతూ అంది:

“ఇచ్చింటే నా కడుపు ఇట్లా ఎందుకు మండుతాదప్పా?”