ఈకల మావయ్య, ఎండుమోడు

ఈకల మావయ్యకు చూపు ఆనదనీ, అందుకే వారమంతా కూర్చుని కట్టిన ఎరను ప్రతి ఆదివారం తీసుకెళ్లి జలాశయంలో ఉన్న ఎండుమోడుకు తగిలించి వస్తాడనీ మా వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. శుద్ధ అబద్ధం. చూపు ఆనని మనిషి ఎదురింటి పుంజు మెడ మీద ఏ ఈక ఊడబోతోందో తన గుమ్మంలో కూర్చుని చెప్పగలడా? మావయ్యకున్నది కంటి జబ్బు కాదు, తోక జబ్బు.

మెత్తగా ఊగేది ఏది కనబడినా సరే, రెండు వేళ్లతో పట్టి, నలిపి, గాలిలో ఆడించి, "తోకకు పనికొస్తుంది" అంటాడు. చేసేది గొడుగులు బాగుచేసే పని. ఎవరైనా గొడుగు పట్టుకొస్తే ముందు చూసేది గొడుగును కాదు, వాళ్ల నెత్తినీ మెడనూ. ఒకసారి ఈకల టోపీ పెట్టుకుని ఒకావిడ వచ్చింది.

"అమ్మా, ఆ టోపీ పాతబడ్డాక నాకిస్తారా?"

"నిన్ననే కొన్నానండీ!"

"తొందరేం లేదు. ఆగుతాను."

ఆవిడ గొడుగు కూడా వదిలేసి వెళ్లిపోయింది.

అత్తయ్య, అంటే ఆయన భార్య, ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆవిడ శాలువాకు ఒక కొసన కుచ్చులుంటాయి, రెండో కొసన ఉండవు. ఏమయ్యాయని అడిగితే "నీళ్లలో ఈదుతున్నాయి" అంటుంది. పుకారు పడలేక ఆయన్ని కళ్ల డాక్టరు దగ్గరికి కూడా లాక్కెళ్లింది.

"చివరి వరుస కనిపిస్తోందా?" అన్నాడు డాక్టరు.

"అది సరేగానీ, మీ కిటికీ అవతల గోడ మీద పిల్లి పడుకుంది. బొచ్చు మూడు రంగులు. తోకకు పనికొస్తుంది."

ఇంతకీ ఆయన కట్టేది మామూలు ఎర కాదు. జలాశయంలో వాలుగలున్నాయి. సాటి చేపలను మింగి బతికే రకం. వానపామును చూపిస్తే మొహం తిప్పుకుంటాయట. అందుకని మావయ్య జానెడున్నర చేపనే కడతాడు. గొడుగుల బల్ల చివర చిన్న ఇనుప పట్టులో, అంటే వైసులో, ఒక గాలం బిగించి, దాని వెనక సన్నటి ఉక్కుతీగతో, రెండు పూసలతో కీలు పెట్టి, ఆ కీలుకు ఇంకో గాలం తగిలిస్తాడు. రెండింటి మీదా ఈకలు, బొచ్చు, మెరుపు పోగులు దారంతో చుట్టి బిగిస్తాడు. చివరికి రెండు గాజు కళ్లు. నీళ్లలో వదిలితే తల ఒకవైపు పోతుంటే తోక ఇంకోవైపు పోతుంది. వదిలేది ఎక్కడనుకున్నారు? అత్తయ్య బట్టలు నానబెట్టిన తొట్టిలో.

"ఏమండీ, దుప్పట్లో గాలం!"

"కదలకు! తోక ఎలా ఆడుతోందో చూడనీ."

"అది తోక కాదండీ, నా వేలు!"

దారిన పోయేవాణ్ణి ఆపి మరీ పాఠం చెబుతాడు. "వాలుగ నోట్లో ఉన్నవి పళ్లు కావు, రంపం. ఎర ముందు జానెడు ఉక్కుతీగ కట్టనివాడు గాలమే పట్టకూడదు. ఉత్త దారంతో కడితే ఒక్క గుంజుకి పుటుక్కు!"

ఇంత చెప్పిన మనిషి ఆదివారం పొద్దున రేవులో తన చోట నిలబడి గాలం కర్ర విసురుతాడు. ఎర పిట్టలా ఎగిరి వెళ్లి సరిగ్గా ఎండుమోడు మీద వాలుతుంది. గుంజుతాడు. తెగుతుంది. ఖాళీ కర్ర భుజాన వేసుకుని రాజులా ఇంటికొస్తాడు. ఎవరైనా నవ్వితే, "వాలుగ అక్కడే కాపురం పెట్టింది, నన్నేం చెయ్యమంటావ్?" అని గద్దిస్తాడు.

నవ్వనివాడు ఒక్కడే: గాలాల సంఘం కార్యదర్శి, మందుల షాపాయన. ఆయన ఒకరోజు గొడుగుల బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మావయ్యగారూ, ఆ మోడు నిండా మీ గాలాలే ఉండుంటాయి. పక్షులు చిక్కుకుంటే పాపం ఎవరికి? ఇంకొక్కటి తగిలించారో, రేవులో మీ చోటు పోయినట్టే. మళ్లీ నీళ్ల దగ్గర కర్ర పట్టనివ్వం."

మావయ్య తేరిపార చూశాడు. "మీ మీసం మంచి నిగనిగలాడుతోంది. తోకకు..."

"నేను హాస్యానికి రాలేదు!"

"నేనూ హాస్యమాడటం లేదు."

ఆయన వెళ్లగానే అత్తయ్య మిషను ఆపేసింది. "ఆ చోటు పోతే ఆదివారాలు ఏం చేస్తారు? నా నెత్తిన కూర్చుంటారా? ఎడమవైపు బోలెడు నీళ్లున్నాయి, అటు విసరండి."

"విసరను."

"కనీసం ఈ ఒక్క వారం."

"ఈ వారం మాత్రం కచ్చితంగా మోడు మీదే."

పైకి దెప్పింది గానీ అత్తయ్యకు లోపల గుబులే. వారానికొకసారి ఆ నీళ్లు చూడకపోతే ఈయన మనిషి కాడని ఆవిడకు తెలుసు.

ఆదివారం సంఘమంతా రేవులో చేరింది. ఆఖరి నిమిషంలో చెయ్యి పట్టుకు ఆపుదామని అత్తయ్య కూడా వెళ్లింది. ఆవిడ మెట్లు దిగేలోపే విసిరేశాడు. మోడు. గుంజాడు. పుటుక్కు.

"చూశారుగా అందరూ!" అని కార్యదర్శి ఎగిరాడు. "ఇప్పుడే వెళ్లి అక్కడున్నవన్నీ పీకించి మీ ముందు కుప్ప పోయిస్తాను. పడవ తాతా, పడవ తియ్!"

పడవ తాత ఒకప్పుడు ఊరినంతా అటూ ఇటూ దాటించినవాడు. వంతెన కట్టాక ఆయన పడవ ఎక్కే దిక్కు లేదు. అయినా ఒకరి సాయం పుచ్చుకోడు. ఒక వానాకాలం మావయ్య గొడుగు ఊరికే ఇస్తే, మర్నాడే దాన్ని మావయ్య గుమ్మానికి తగిలించి తడుసుకుంటూ వెళ్లిపోయాడు.

కార్యదర్శి పడవెక్కాడు. వెనకే అత్తయ్యా ఎక్కింది. మొగుడి పరువు కుప్ప పోస్తామంటుంటే గట్టున నిలబడుతుందా?

మోడు దగ్గర కార్యదర్శి చుట్టూ చూశాడు. వంగి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇప్పుడు పడ్డ ఎర తప్ప ఇంకొక్క గాలం లేదు. మోడు బోడిగుండులా నున్నగా ఉంది.

"మిగతావన్నీ ఏవీ?"

"ఎప్పటివప్పుడు ఏరేస్తాగా బాబూ," అంటూ పడవ తాత ఆ ఎరను కూడా పదిలంగా విడదీసి, తడి పోయేలా ఊది, బుట్టలో పెట్టుకున్నాడు. "మనుషులిస్తే నేను పుచ్చుకోను. నీళ్లిస్తే కాదనను. ఆ కళ్లు కనపడని మహానుభావుడు వారం వారం పారేసుకుంటున్నాడు. బయటి నుంచి వేటకొచ్చేవాళ్లు వీటికోసం ఎగబడి కొంటున్నారమ్మా. నా పొయ్యి వెలుగుతోంది."

అత్తయ్య బుట్టలోకి తొంగి చూసింది. ఎర ముక్కుకు ఉక్కుతీగ లేదు. ఆవిడ మిషను మీది తెల్ల నూలుదారం, ఒంటి పేట, తెగి వేలాడుతోంది. చొక్కా బొత్తానికి కూడా ఆగని దారం అది. నవ్వు బయటికి రాకుండా శాలువా కొస నోట్లో కుక్కుకుంది.

గట్టుకొచ్చాక కార్యదర్శి చాలాసేపు దగ్గాడు. "మోడు మీద గాలాలే లేవు. మావయ్యగారి చోటు మావయ్యగారిదే" అని ప్రకటించి, మీసానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చకచకా వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అత్తయ్య తలుపు వేసింది. మావయ్య అప్పటికే వైసులో కొత్త గాలం బిగిస్తున్నాడు.

"ఏమండీ, సూటిగా అడుగుతున్నాను. తాత కోసం కావాలనే మోడుకు తగిలిస్తున్నారు కదూ?"

మావయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు. మెడ నిక్కించాడు.

"కావాలనేమిటి, నీ మొహం! గురి తప్పింది. వచ్చే ఆదివారం కూడా తప్పుతుంది. ఎవడాపుతాడో చూస్తాను!"