మధురవాడ డాబా మీద గ్రీసు అతిథి

ఒక మనిషి తన నోటితో తన పరువును ఎంత వేగంగా తీసుకోవచ్చో చూడాలంటే, మీరు ఆ సాయంత్రం మధురవాడలో మా డాబా మీద ఉండాల్సింది. లేకపోవడం మీ అదృష్టం. ఉన్నవాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే ముందు దగ్గుతారు, తర్వాత పలకరిస్తారు.

అప్పుడు నాకు ఉద్యోగం కొత్త, ఉత్సాహం ఎక్కువ. గ్రీసు దీవిలో జరిగే ప్రేమ సినిమా ఒకటి నాకు ప్రాణం. అది విడుదలై ఇరవయ్యేళ్ళు నిండాయని ఆఫీసు స్నేహితుల్ని పిలిచి గ్రీకు పార్టీ పెట్టాను. అందరూ తెల్ల దుప్పట్లు చుట్టుకుని రావాలని షరతు. కీరా, టమాటా, పనీరు ముక్కలు కలిపి గ్రీకు సాలడ్ అన్నాను. అది చాలదేమోనని పకోడీలు కూడా వేశాను. వాటికి గ్రీకు పేరు దొరకలేదు.

పోర్టులో పనిచేసే మా పిన్ని కొడుకు రాజు ఫోన్ చేశాడు. "అక్కా, గ్రీకు ఓడ వచ్చింది. అందులోంచి ఒకర్ని తెత్తన్నాను, పర్లేదా?"

పర్లేదా ఏమిటి? అసలు సిసలు గ్రీకు అతిథి వస్తున్నాడని రెండు నిమిషాల్లో అందరికీ చెప్పేశాను.

రాజు అతన్ని మెట్ల దగ్గర దించి ఐసు తేవడానికి వెళ్ళిపోయాడు. రింగుల జుట్టు, గడ్డం, ఎండకు కాలిన ఒళ్ళు. దుప్పటి మా అందరికన్నా తీరుగా కట్టాడు. ఎదురెళ్ళి, "వెల్‌కమ్ టు ఇండియా" అన్నాను.

అతను నన్నోసారి ఎగాదిగా చూసి, "థాంక్యూ మేడమ్" అన్నాడు.

"మీ ఊరెలా ఉంటుంది?" అని ఇంగ్లీషులోనే అడిగాను.

"ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం" అన్నాడు, అతనూ ఇంగ్లీషులోనే.

అచ్చం సినిమాలో దీవి. నా స్నేహితురాలు సరిత కళ్ళు చెమర్చాయి.

"ఈ సాలడ్ మీ ఇంట్లో చేసినట్టే ఉందా?"

"లేదు మేడమ్. మా ఇంట్లో చేపలే."

"గ్రీకులు చేపలెక్కువ తింటారు" అని అందరికీ తెలుగులో వివరించాను, ఆ దేశంలో పెరిగినదానిలా.

అతను మాత్రం పకోడీల పళ్ళెం వదల్లేదు. నేను అతని పక్కనే నిలబడి, ఏ బెదురూ లేకుండా సరితతో అన్నాను: "మనిషి శిల్పంలాగే ఉన్నాడు గానీ, ఆ తిండేటే బాబూ? నెల్లాళ్ళై మెతుకు చూడనట్టు."

అప్పుడు అతని ఫోన్ మోగింది.

"అమ్మా, నానే. మధురవాడలో పార్టీకొచ్చాను. దోసకాయ ముక్కలు పెట్టినారు. నువ్వు సేపల పులుసు ఉంచు, వచ్చెత్తన్నాను."

డాబా మీద ఆరేసిన బట్టలు తప్ప మరేదీ కదల్లేదు.

"మీది..." అన్నాను.

"యారాడండి. ఈ ఇశాపట్నమే, పోర్టవతల కొండ పక్కన. గ్రీకోళ్ళ ఓడలో పని సేత్తన్నాను."

"మరి ఇంగ్లీషు?"

"మీరే మొదలెట్టారు కదండి. మధురవాడలో అందరూ అలాగే మాటాడుకుంటారేమో అనుకున్నాను."

"అయితే ఇందాక నేనన్నది..."

"ఇన్నానండి. నెల్లాళ్ళు కాదండి, ఆర్నెల్లు. ఓడలో పకోడీలు ఎయ్యరు."

ఐసు సంచితో మెట్లెక్కి వచ్చిన రాజు మీద విరుచుకుపడ్డాను. వాడు తాపీగా, "గ్రీకు ఓడ అన్నాను గానీ, గ్రీకు మనిషని అన్నానేటి?" అన్నాడు.

నా పరువు కొంతైనా దక్కించాలని సరిత కల్పించుకుంది. "పోనీ, మీ ఓడలో నిజం గ్రీకులెవరైనా ఉన్నారా?"

"మా కెప్టెన్ గ్రీకేనండి."

"ఆయన కూడా పండగలకి ఇలా దుప్పటి కట్టుకుంటాడా?"

అతను మా అందర్నీ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశాడు. "లేదండి. ప్యాంటూ షర్టూ ఏసుకుంటాడు."

నేను దుప్పటి అంచు భుజం మీదికి సర్దుకుని, సముద్రం ఉన్న దిక్కుకు తిరిగి, మనసులో ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఏ ఊరో తెలుగులో అడగకుండా, ఏ మనిషి తిండి గురించీ తెలుగులో మాట్లాడను.